పిడుగుల మీద పీహెచ్‌డీ: గైడ్ రీసెర్చ్ రికార్డు ఎట్ల చదవాలె?

ప్రశ్న అడిగిన చెల్లెది హాలియా దిక్కు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయింది, పిడుగుల మీద పీహెచ్‌డీ చేయాలని ఉన్నది. ఇద్దరు గైడ్ల పేర్లు దొరికినయ్. ఒక సార్‌కు 180 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 31. ఒక మేడంకు 34 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 13. ఇంట్లోల్లు, ఫ్రెండ్సు అందరు సార్ దగ్గరికే పొమ్మంటున్నరట. "అసలు ఒక సైంటిస్ట్ రికార్డు చూసి మంచి పని చేసిన్రా లేదా అని ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

చెల్లె, జవాబు ముందే సీదా చెప్త, కారణాలు తర్వాత. పేపర్ల లెక్క, హెచ్-ఇండెక్స్ రెండూ పక్కన పెట్టు. ఇద్దరివీ పిడుగుల మీద రాసిన పేపర్లే తీసి, అందుల వాళ్లు సొంతంగ ఏం కొలిచిన్రో చూడు. ఆ తర్వాత వాళ్ల దగ్గర చేసిన స్టూడెంట్లు ఏమైన్రో చూడు. ఇంకోటి, వాళ్లు ముందు చెప్పిన మాట తప్పని తేలినప్పుడు వాళ్లేం చేసిన్రో చూడు. ఇవన్నీ చూసినంక కూడా సార్ దగ్గరికే పోవాలనిపిస్తే నిశ్చింతగ పో. నువ్వు రాసిన వివరాలను బట్టి నేనైతే ముందు మేడంతోని మాట్లాడుత.

నాది దేవరకొండ దిక్కు. ఇరవై ఆరేండ్లు అట్మాస్ఫెరిక్ ఎలక్ట్రిసిటీ మీదనే పని చేసిన, ఇప్పుడు పాలమూరుల ఉంటున్న, ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాజెక్టులు చేపిస్త. ఈ పనిల పడ్డదానికి కారణం మా చిన్నాయన గొర్లు. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు మే నెల పొద్దుగూకే టైంకు మొగులు కమ్మి గాలిదుమారం లేస్తే మంద పోయి చింతచెట్టు కింద గుమిగూడింది, చిన్నాయన వెనుకబడ్డ గొర్రెపిల్లలను తోలుకొస్తున్నడు, అంతల పిడుగు పడ్డది. 22 గొర్లు చచ్చిపోయినయ్. చెట్టుకు ఒక దిక్కు బెరడు లేచి తెల్లగ చారలెక్క కనబడ్డది, గొర్ల మీద మాత్రం ఒక్క దెబ్బ గూడ లేదు. చెట్టు మీద పడ్డ పిడుగు కింద నిలబడ్డ గొర్రెను ఎట్ల చంపింది అని నేను మస్తు మందిని అడిగిన, "దేవుని కోపం" అన్నరు, ఒక సార్ "కరెంటు కదా" అన్నడు. పిడుగు కరెంటు నేల మీద అన్ని దిక్కులా పారుకుంట పోతదని, గొర్రె ముందు కాళ్లకు వెనుక కాళ్లకు మధ్య వోల్టేజీ తేడా వచ్చి ఆ కరెంటు గుండె మీదికెళ్లి పోతదని, అందుకే పశువులు ఎక్కువ చస్తయని నాకు తెలిసేసరికి పద్నాలుగేండ్లు పట్టింది. ఇది ఎందుకు చెప్తున్న అంటే, ఈ సబ్జెక్టుల మనుషుల పానాలున్నయ్. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల 2021ల 2,880 మంది, 2022ల 2,887 మంది పిడుగుపాటుకు పోయిన్రు మన దేశంల. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఇగ నంబర్ల సంగతి.

హెచ్-ఇండెక్స్‌ను 2005ల జార్జ్ హిర్ష్ అనే ఫిజిసిస్ట్ పెట్టిండు. 31 అంటే కనీసం 31 సార్లు సైటేషన్ వచ్చిన (అంటే వేరే పేపర్లు తమ దాంట్ల పేర్కొన్న) పేపర్లు 31 ఉన్నయని, అంతే. అది వయసుతోని పెరుగుతది, తగ్గదు. రెండోది, మన ఫీల్డ్ చిన్నది. దునియా మొత్తంల పిడుగుల మీద రెగ్యులర్‌గ పని చేసెటోళ్లు తక్కువ, ఏరోసోల్స్ (గాలిల తేలే సన్నటి కణాలు), వానల ట్రెండ్స్, వాతావరణ మార్పు మీద రాసెటోళ్లు మస్తు మంది. ఎవరు ఎక్కువమంది ఉన్న చోట రాస్తే వాళ్లకు సైటేషన్లు ఎక్కువ. కాబట్టి సార్ 180 పేపర్లల్ల పిడుగులవి ఎన్నో తీసి చూడు. పన్నెండు ఉన్నయనుకో, మేడం 34లో ముప్పై అవే ఉన్నయనుకో, అప్పుడు నువ్వు పోల్చాల్సింది పన్నెండుకు ముప్పై, 180కి 34 కాదు.

సార్ మీద నేను నేరం మోపుతలేను. పెద్ద గ్రూపు నడిపెటోళ్లకు, పెద్ద ఎక్స్‌పెరిమెంట్ల ఉన్నోళ్లకు పేపర్లు న్యాయంగనే ఎక్కువుంటయ్. ఊటీల టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ల గ్రేప్స్-3 అనే ఎక్స్‌పెరిమెంట్ ఉన్నది కదా, కాస్మిక్ కిరణాల కోసం కట్టింది. పైనుంచి వచ్చే మ్యూవాన్ కణాలు ఉరుముల మొగులు మీదికెళ్లి వచ్చినప్పుడు కొంచెం తగ్గుతయ్, ఆ తగ్గుడును బట్టి మొగులు లోపటి వోల్టేజీ లెక్కగట్టిన్రు. 2011 ఏప్రిల్ నుంచి 2014 డిసెంబర్ దాక 184 ఉరుముల మొగుళ్లు దొరికినయ్, అందుల 2014 డిసెంబర్ 1 నాటి మొగులుల 1.3 గిగావోల్ట్లు, అంటే 130 కోట్ల వోల్ట్లు ఉన్నట్టు తేలింది. 2019ల ఫిజికల్ రివ్యూ లెటర్స్‌ల వచ్చింది. అసొంటి పేపర్‌ల చానా పేర్లుంటయ్, ఉండాలె గూడ, ఎందుకంటే ఒక్కరు చేసే పని కాదది. అట్లాంటి పేపర్ లిస్టుల కనబడితే "ఇందుల మీ భాగం ఏంది సార్?" అని అడుగు. నిజంగ పని చేసినోళ్లు ఆ ప్రశ్న వింటే సంబరపడి అరగంట చెప్తరు.

సైటేషన్లు అసలే పట్టుకోలేని పని ఒకటుంటది, దాని గురించి జర ఎక్కువ చెప్త. స్విట్జర్లాండ్‌ల కార్ల్ బెర్గర్ అని ఒకాయన, మోంటే సాన్ సాల్వతోరె అనే గుట్ట మీద టవర్ కట్టి 1943 నుంచి దాని మీద పడ్డ పిడుగుల కరెంటు కొలుచుకుంట కూర్చున్నడు, ఒకటి రెండేండ్లు కాదు, మూడు దశాబ్దాలు. 1975ల ఇంకో ఇద్దరితోని కలిసి ఆ లెక్కలన్నీ ఒక ఇంజినీరింగ్ పత్రికల వేసిండు. మామూలు పిడుగు మొదటి దెబ్బకు 30 కిలో ఆంపియర్ల లెక్క అని పుస్తకాలల్ల చదువుకున్నం కదా, దాని వేరు ఆ గుట్ట మీదనే ఉన్నది. బిల్డింగులకు పిడుగు రక్షణ ఎట్ల పెట్టాలో చెప్పే అంతర్జాతీయ స్టాండర్డ్స్ ఇప్పటికీ ఆ లెక్కల మీదనే నిలబడి ఉన్నయ్. మిర్యాలగూడల ఏ రైస్ మిల్లు మీద లైట్నింగ్ అరెస్టర్ పెట్టినా అండ్ల బెర్గర్ కొలతలున్నట్టే. ఆ మిల్లు ఇంజినీరు ఎన్నడు ఆయన పేపర్‌ను సైట్ చేయడు. గూగుల్ స్కాలర్ పేజీల ఆ విలువ కనబడదు.

అందుకే నేను ఎవరి లిస్టు చూసినా మొదలు వెతికేది: కొలతల పేపర్ ఒక్కటన్న ఉన్నదా? పరికరం పెట్టి, కనీసం రెండు మూడు సీజన్లు దాన్ని కాపాడి, దాని డేటా ఎంత నమ్మొచ్చో రాసిన పేపర్. అందరు కొలవాల్సిన పని లేదు, మోడలింగ్ చేసెటోళ్లు ఉన్నరు, థియరీ చేసెటోళ్లు ఉన్నరు, వాళ్లు లేకుంటే నడవది. కానీ పిడుగుల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టే పిల్లకు డేటా ఎక్కడ అబద్ధం చెప్తదో తెలిసిన గైడ్ కావాలె.

నా అనుభవం ఒకటి చెప్త. కాలేజీ డాబా మీద ఫీల్డ్ మిల్ పెట్టినం. గాలిల ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఎంతుందో కొలిచే యంత్రం అది, ఒక రేకుల చక్రం తిరుగుకుంట కింది పలకను మూసుకుంట తెరుచుకుంట ఉంటది. మంచి ఎండ ఉన్న రోజు ఫీల్డ్ మీటరుకు దాదాపు 100 వోల్ట్లుంటది, ఉరుముల మొగులు మీదికొస్తే వేలల్లకు పోతది. రోజూ పొద్దుగాల అయిదు నుంచి ఎనిమిది దాక మాది పడిపోతుండె, ఎనిమిదిన్నరకు మళ్ల మామూలు. ఒక స్టూడెంట్ మంచి తెలివైనోడు, సూర్యోదయం ప్రభావం అని, నేలమీది గాలి కలుసుడు వల్ల అని పన్నెండు పేజీలు రాసి తెచ్చిండు, గ్రాఫులు ముద్దొచ్చేటట్టున్నయ్. నాకు ఎందుకో మనసొప్పలేదు. ఒకనాడు నాలుగున్నరకు లేసి టార్చ్ పట్టుకొని డాబా ఎక్కిన. కింది పలకను ఆపుకున్న తెల్లటి టెఫ్లాన్ ఇన్సులేటర్‌కు, ఫ్రేముకు మధ్య సన్నటి సాలెగూడు, దాని పోగు పోగుకు మంచు చుక్కలు వరుసగ కట్టినయ్, టార్చ్ వెలుగుల పూసలదండ లెక్క మెరుస్తున్నయ్. ఆ తడి మీదికెళ్లి చార్జి ఫ్రేములకు కారిపోతున్నది. ఎండ పడి గూడు ఆరంగనే రీడింగ్ సక్కగైతున్నది. సూర్యోదయం ప్రభావమే, కాదనను, కానీ సాలెపురుగు మీద! వాడు ఆ పన్నెండు పేజీలు అక్కడనే చింపేసిండు, ఇప్పుడు వాడు నాకన్నా మంచి ఎక్స్‌పెరిమెంటలిస్ట్.

అప్పటి నుంచి ఎవరి పేపర్ చదివినా మెథడ్స్ సెక్షన్‌ల "ఇన్సులేటర్లను వారానికొకసారి తుడిచినాము", "ఫలానా రోజుల డేటా కరెంటు పోవుడు వల్ల తీసేసినాము" అసొంటి లైన్లు వెతుకుత. ఆ లైన్ రాసినోళ్లు డాబా ఎక్కినోళ్లు. మేడం పేపర్లల్ల అట్లాంటిది ఒక్కటి దొరికినా నాకు ఆమె మీద సగం నమ్మకం కుదురుతది.

ఇంకో చిన్న కిటుకు. ఇంట్రడక్షన్‌ల "ప్రపంచం మొత్తంల సెకనుకు 100 మెరుపులు" అని రాసి ఉన్నదా చూడు. ఆ 100 అనే లెక్క 1925ల బ్రూక్స్ అనే ఆయన ఉరుములు వినబడ్డ రోజుల రికార్డులు పట్టుకొని వేసిన అంచనా, ఆ రోజులకు అది చానా గొప్ప పని. ఉపగ్రహం నుంచి చూసినంక 2003ల క్రిస్టియన్ అనే సైంటిస్ట్ టీమ్ లెక్క సెకనుకు 44, అటు ఇటు 5 అని తేలింది. ఇప్పటికీ 100 అని రాస్తున్నరంటే ఎవరిదో పాత ఇంట్రడక్షన్ చూసి దించిన్రన్నమాట. చిన్న తప్పే, కానీ అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తం కదా.

"పిడుగులు పెరుగుతున్నయ్" అనే పేపర్లు ఉంటే రెండు సార్లు చదువు. ఇది మన ఫీల్డ్‌ల అన్నిటికన్న పెద్ద గుంత. నేల మీద సెన్సార్ల నెట్‌వర్క్‌కు ఏటేటా సెన్సార్లు కలుపుకుంట పోతే అంతకుముందు పట్టుబడని చిన్న మెరుపులు గూడ పట్టుబడతయ్, అప్పుడు గ్రాఫ్ పైకే పోతది, మొగులుల ఏ మార్పు లేకున్నా. అమెరికా నెట్‌వర్క్‌ను 1990ల నడుమ అప్‌గ్రేడ్ చేసినప్పుడు చిన్న పాజిటివ్ పిడుగులు (నేలకు పాజిటివ్ చార్జి తెచ్చేటియి) ఒక్కసారిగ ఎక్కువైనయ్, తీరా చూస్తే వాటిల చానా మటుకు నేలకు దిగనివి, మొగులు లోపట మెరిసినవి, అందుకే 10 కిలో ఆంపియర్ల కన్న తక్కువున్న పాజిటివ్‌లను లెక్కల నుంచి తీసేయమని ఆ నెట్‌వర్క్ వాళ్లే 1998ల రాసిన్రు. ఇది తెలిసినోళ్లు ట్రెండ్ చెప్పేముందు "సెన్సార్లు ఎప్పుడెన్ని, పట్టే శక్తి ఎంత" అని ఒక టేబుల్ పెడతరు. ఆ టేబుల్ లేదంటే ట్రెండ్ లేనట్టే అనుకో.

ఉపగ్రహం డేటాతోని గూడ ఇదే. ట్రిమ్ ఉపగ్రహం మీద ఎల్ఐఎస్ అనే కెమెరా 1997 ఆఖరి నుంచి 2015 దాక పనిచేసింది, మన దేశంల పిడుగుల మ్యాపులు ఎక్కువ మటుకు దాంతోని వేసినయే. బంగారం లాంటి డేటా. కానీ అది నల్లగొండ మీదికెళ్లి పోయేటప్పుడు ఒక జాగాను చూసేది 80, 90 సెకన్లే. ఏండ్ల కొద్దీ కలిపితే ఏ నెలల ఎక్కువ, ఏ టైంకు ఎక్కువ అని మంచిగ తెలుస్తది. అంతేగానీ "2009 మే నెల మా జిల్లాల పిడుగులు ఇన్ని శాతం పెరిగినయ్" అని దాన్ని పట్టుకొని ఎవరన్న రాస్తే, వాన పడ్డ రాత్రి కిటికీల నుంచి ఒక్కసారి తొంగి చూసి ఊరి చెరువు ఎంత నిండిందో చెప్పినట్టే. సార్ లిస్టుల జిల్లా వారీ ట్రెండ్ పేపర్లు ఎన్నున్నయో, వాటికి ఏ డేటా వాడిన్రో రాసుకో.

ఇప్పుడు తప్పు ఒప్పుకునే సంగతి. ఇది చెప్పాలంటే నాకు సిమ్లా గుర్తొస్తది. జార్జ్ సింప్సన్ అనే ఇంగ్లండ్ ఆయన 1906ల మన ఇండియా వాతావరణ శాఖల చేరిండు, ఆఫీసు సిమ్లాల. అక్కడ వాన చినుకులు మోసుకొచ్చే చార్జి కొలిచిండు, పాజిటివ్ ఎక్కువ వస్తున్నదని తేలింది. పెద్ద చినుకులు గాలికి పగిలినప్పుడు నీటికి పాజిటివ్ చార్జి వస్తది, నెగెటివ్ గాలితోని పైకి పోతది, కాబట్టి మొగులు కింద పాజిటివ్ పైన నెగెటివ్ అని 1909ల రాసిండు. సీటీఆర్ విల్సన్ అనే ఇంకో ఫిజిసిస్ట్ ఏమో నేల మీద ఫీల్డ్ మారే తీరు చూసి, లేదు, పైన పాజిటివ్ కింద నెగెటివ్ అన్నడు. ఏండ్ల తరబడి ఇద్దరికీ వాదమే. సింప్సన్ అప్పటికి బ్రిటన్ వాతావరణ శాఖకు డైరెక్టర్ అయిండు, అంత పెద్ద కుర్చీల కూర్చున్నోడు తన మాటే చెల్లించుకోవచ్చు. ఆయన ఏం చేసిండంటే, స్క్రేస్ అనే ఇంకో సైంటిస్ట్‌తోని కలిసి బెలూన్లకు కట్టి పంపే చిన్న పరికరం తయారు చేసిండు, రసాయనం పూసిన కాగితం మీద కరెంటు ఎటు పోతే దాన్ని బట్టి మరక పడేది. ఆ బెలూన్లను ఉరుముల మొగుళ్లలకు పంపిన్రు. 1937ల ఇద్దరి పేరు మీద పేపర్ వచ్చింది: పైన పాజిటివ్, నడుమ పెద్ద నెగెటివ్, అట్టడుగున చిన్న పాజిటివ్. అంటే మొత్తం మీద విల్సన్‌దే రైట్, సింప్సన్ సిమ్లాల కొలిచిన పాజిటివ్ వాన గూడ అబద్ధం కాదు, దాని మీద వేసిన అర్థం మాత్రం సరికాదు. ఇప్పటికీ మనం మొగులు బొమ్మ గీస్తే ఆ మూడు పొరలే గీస్తం.

తన సిద్ధాంతాన్ని కూలగొట్టే పరికరాన్ని తనే కట్టుకున్నడు చూడు, నాకు రికార్డు అంటే అది. 1909 పేపర్, 1937 పేపర్ పక్కపక్కన పెట్టి చదివితే మనిషి కనబడతడు. నీ ఇద్దరి లిస్టుల గూడ ఇట్ల చూడు, అదే విషయం మీద పదేండ్ల తేడాతోని రెండు పేపర్లు తియ్యి, రెండో దాంట్ల మొదటి దాని గురించి ఏం రాసిన్రు? "మా పాత అంచనా ఎక్కువైంది" అని ఒక్క వాక్యం ఉన్నా చాలు. సవరణ నోట్ వేసినట్టు కనబడితే భయపడకు, అది మచ్చ కాదు, నేను దాన్ని మార్కుల్ల కలుపుత.

వ్యతిరేకంగ వచ్చిన పేపర్లను సైట్ చేస్తున్నరా అనేది గూడ ఇందులనే వస్తది. ఉదాహరణకు 2014ల రోంప్స్ టీమ్ సైన్స్ పత్రికల అమెరికా మీద ఒక్కో డిగ్రీ వేడికి పిడుగులు 12 శాతం, అటు ఇటు 5, పెరుగుతయని రాసిన్రు. మొగులు లేచే శక్తిని వాన తోని గుణించి వేసిన లెక్క అది. 2018ల ఫిన్నీ టీమ్ మొగులుల పైకి పోయే మంచు ప్రవాహాన్ని పట్టుకొని లెక్క వేస్తే ప్రపంచం మొత్తం మీద ఈ శతాబ్దం ఆఖరుకు 15 శాతం తగ్గుతయని వచ్చింది. ఒకటి అమెరికా, ఒకటి ప్రపంచం, పద్ధతులు వేరు, సీదా కొట్లాట కాదు, కానీ ఏ పద్ధతి పడితే ఆ జవాబు వస్తున్నదంటే అసలు ప్రశ్న ఇంకా తెగలేదన్నమాట. మొగులుల చార్జి ఎట్ల విడిపోతదో, మెత్తటి వడగండ్లు మంచు పలుకులు తాకినప్పుడు ఏ వేడిల ఏది ఏ చార్జి తీసుకుంటదో 1978ల తకహాషి అనే సైంటిస్ట్ ల్యాబుల చేసి చూపినంక గూడ ఇంకా పని మిగిలే ఉన్నది. ఈ విషయం మీద రాసేటోళ్లు రెండు పేపర్లనూ చెప్పి, మేము ఇది ఎందుకు పట్టుకున్నమో రాయాలె. తనకు నచ్చిందే సైట్ చేసి రెండోదాన్ని ముట్టకపోతే నేను పక్కన పెడుత.

స్టూడెంట్ల సంగతికొస్తా. లిస్టుల పేర్ల వరుస చూడు. మా ఫీల్డ్‌ల మామూలుగ మొదటి పేరు పని చేసినోళ్లది, ఆఖరి పేరు గ్రూపు పెద్దది, ప్రతిసారి కాదనుకో. పదేండ్లల గైడ్ పేరే అన్నిట్ల ముందుండి స్టూడెంట్ల పేర్లు నడుమ ఇరుక్కుంటే ఆలోచించు. ఇది నా మీదికి వచ్చిన ముచ్చటనే. నేను మొదలు చేరిన దగ్గర గైడ్‌కు అప్పట్లనే నూరు దాటినయ్ పేపర్లు, మా కాకయ్య ఊరంత చెప్పుకున్నడు. నాలుగేండ్లు డేటా నేను తీసిన, రాత్రుళ్లు నేను కాపలా కాసిన, మూడు పేపర్లు వచ్చినయ్, మూడిట్ల నా పేరు నాలుగోది. థీసిస్ టైంకు "నీ సొంత పని ఏది?" అని ఎగ్జామినర్ అడిగితే చూపించనీకి కాగితం లేకపోయింది, ఆ రోజు బస్సుల కూర్చొని వచ్చుకుంట ఏడ్చిన. తర్వాత వేరే దగ్గర, ఇరవై పేపర్లు గూడ లేని ఒక పెద్దాయన దగ్గర మళ్ల మొదటి నుంచి మొదలుపెట్టిన. ఆయన నేను గీసిన ప్రతి గ్రాఫ్‌కు ఎర్ర పెన్నుతోని "ఎర్రర్ బార్ (కొలతల తేడా ఎంత ఉండొచ్చో చూపే గీత) ఏది?" అని రాసేటోడు. నాకు పని నేర్పింది ఆయన.

కాబట్టి ఇద్దరి దగ్గరా పీహెచ్‌డీ అయిపోయినోళ్ల పేర్లు నలుగురివి నలుగురివి పట్టు. యూనివర్సిటీ సైటుల, థీసిస్‌ల రిపాజిటరీ శోధ్‌గంగల దొరుకుతయ్. ఎన్నేండ్లకు అయిపోయింది, మొదటి పేరుతోని పేపర్ ఉన్నదా, ఇప్పుడెక్కడున్నరు, ఇంకా ఈ ఫీల్డ్‌లనే ఉన్నరా. వీలైతే ఇద్దరితోని ఫోన్‌ల మాట్లాడు, మధ్యల వదిలేసి పోయినోళ్లు దొరికితే వాళ్లతోని తప్పకుండ మాట్లాడు. గైడ్ ముందల కాదు, విడిగ.

మేడం వైపు గూడ కండ్లు మూసుకొని పోకు. 34 పేపర్లల్ల ఆఖరిది ఎప్పటిది? అయిదేండ్లుగ ఏం లేకపోతే పరికరం మూలకు పడ్డదా, ఫండింగ్ ఆగిందా, ఆరోగ్యమా, అది తెలుసుకోవాలె. తక్కువ పేపర్లు ఉన్నయంటే జాగ్రత్తగ పని చేస్తున్నట్టు గ్యారంటీ ఏం లేదు, పని ఆగిపోయి గూడ ఉండొచ్చు. ఫెలోషిప్ సంగతి ఇద్దరినీ మొహమాటం లేకుండ అడుగు, నెలకు ఎంత, ఎన్నేండ్లు, ఆలస్యమైతే ఎవరు చూసుకుంటరు. మన దిక్కు నుంచి పోయే పిల్లలకు, ముఖ్యంగ ఇంటికి డబ్బులు పంపాల్సినోళ్లకు, ఇది సైన్స్ కన్న చిన్న విషయం ఏం కాదు. నెట్-జేఆర్ఎఫ్ రాసి చేతుల పట్టుకుంటే ఎవరి దగ్గరికైనా తలెత్తుకొని పోవచ్చు, ఈ డిసెంబర్‌కన్న రాయి.

ఈ ఇద్దరితోనే ఆగిపోకు గూడ. పుణెల ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) ఉన్నది, పిడుగుల నెట్‌వర్క్ వాళ్లదే, పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ గూడ వాళ్లదే (మీ ఇంట్ల, మీ ఊర్ల గొర్లు కాసెటోళ్ల ఫోన్లల్ల అది ఎక్కించు, ఈ పని పీహెచ్‌డీ దాక ఆగొద్దు). తిరుపతి దగ్గర గాదంకిల ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ల్యాబు) ఉన్నది, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ మొగులు లోపటి గాలి పైకి ఎంత జోరుగ లేస్తదో చూపిస్తది. మన పక్కనే షాద్‌నగర్‌ల ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) క్యాంపస్ ఉన్నది. మే, జూన్‌ల రెండు నెలల ప్రాజెక్టుకు ఈ చోట్లకు అడిగి చూడు, ఒక సీజన్ డేటా చేతుల పట్టుకున్నంక నీకే తెలుస్తది ఎవరి పేపర్‌ల పస ఉన్నదో.

ఇంట్లోల్లు 180 చూసి మురిసిపోతున్నరు, వాళ్ల తప్పు కాదు, నంబర్ అందరికీ అర్థమైతది. వాళ్లకు చెప్పాలంటే విల్సన్ సంగతి చెప్పు. 1925ల ఆయన ఉరుముల మొగులుకు మస్తు పైన, పల్చటి గాలిల గూడ మెరుపు పుట్టాలె అని లెక్క కట్టి రాసిండు. చానా ఏండ్లు ఏ కెమెరాకూ చిక్కలే. 1989 జూలై 6 రాత్రి మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు రాకెట్‌ల పెట్టనీకి తెచ్చిన కెమెరాను పరీక్ష చేస్తుంటే దూరంగ ఉన్న మొగులు మీద రెండు వెలుగు స్తంభాలు పడ్డయ్ వీడియోల, ఇప్పుడు స్ప్రైట్స్ అంటున్నం వాటిని. మధ్యల 64 ఏండ్లు. ఆ 64 ఏండ్లల ఆ పేపర్‌కు ఏ ఇండెక్స్ ఏం విలువ కట్టేది చెప్పు?

మొదలుపెట్టుడు ఎట్లంటే, ఈ ఆదివారం కూర్చొని ఇద్దరివీ పిడుగుల పేపర్లు అయిదు అయిదు దింపుకో, ఒక నోట్‌బుక్కుల నాలుగు గీతలు కొట్టు: డేటా ఎవరు తీసిన్రు, ఎన్ని సీజన్లు, మొదటి పేరు ఎవరిది, పాత మాట సవరించిన్రా. తర్వాత ఇద్దరికీ చిన్న ఈమెయిల్ పెట్టు, "నాకు చాన్స్ ఇవ్వండి సార్" అని కాదు, వాళ్ల పేపర్ ఒకటి పట్టుకొని "ఫలానా గ్రాఫ్‌ల ఈ రెండు రోజులు ఎందుకు తీసేసిన్రు?" అసొంటి ప్రశ్న ఒకటి. ఎవరు వారంల జవాబు ఇస్తరు, జవాబుల ఏం రాస్తరు, "చూసి చెప్త, నాకు గుర్తులేదు" అన్నా సరే, అది గూడ ఆ నోట్‌బుక్కుల రాసుకో. నింపినంక ఆ నాలుగు గీతల పేజీ పేర్లు కొట్టేసి ఇక్కడనే పెట్టు, నేను చూస్త, ఇంకా ఈ పని చేసినోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లు గూడ చూసి చెప్తరు.